ఇల్లు చూసి కట్టు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజినీరుగా ఏదైనా పనికొచ్చే మాట చెప్పమని సంఘం మిత్రులు అడిగారు. పెద్ద పెద్ద వంతెనల గురించి చెప్పొచ్చు. కానీ మన బడి వాళ్లు నాకు ఫోన్ చేసేది వంతెనల కోసం కాదు. "అన్నా, ఎల్లుండి స్లాబు పోస్తున్నం, ఒకసారి వచ్చి చూస్తవా?" అని ఒకరు. "తమ్మీ, గోడ పగిలింది, ఏం జెయ్యాలె?" అని ఇంకొకరు. మొదటి రకం ఫోన్ వస్తే సంతోషిస్తాను. రెండో రకం వచ్చేసరికి చెయ్యగలిగింది చాలా తక్కువ ఉంటుంది, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ ఉంటుంది.

మనలో ఎక్కువమందికి సొంతిల్లు జీవితంలో ఒక్కసారే జరిగే పని. రిటైరైన సార్లకు అది పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఇరవై ఏళ్ల బ్యాంకు కిస్తీ. గల్ఫ్‌కు పోయొచ్చిన మిత్రులకు పిల్లల బాల్యం చూడకుండా కూడబెట్టిన సొమ్ము. దాన్ని రెండోసారి ఖర్చు పెట్టే అవకాశం ఎవరికీ ఉండదు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. సైట్ల మీద ముప్ఫై ఏళ్లు తిరిగిన నేను ఆ సామెతను కొంచెం తిప్పి చెబుతాను: ఇల్లు చూసి కట్టు. ఇల్లు కట్టడమంటే ఒకదాన్ని ఇంకొకదానితో కప్పుకుంటూ పోవడమే. పునాదిని మట్టి కప్పుతుంది. ఇనుమును కాంక్రీటు కప్పుతుంది. పైపులను ప్లాస్టరు కప్పుతుంది. బాత్రూం అడుగును టైల్స్ కప్పుతాయి. తరవాత బాధపెట్టేవి దాదాపు అన్నీ ఇలా కప్పిన చోటే ఉంటాయి. కాబట్టి కప్పకముందే చూడాలి. ఈ రోజు నేను చెప్పేదంతా ఇంతే. ఎక్కడ ఏం చూడాలో వరుసగా చెబుతాను.

మొదటిది నేల. జహీరాబాద్ చుట్టుపక్కల ముఖ్యంగా రెండు రకాల నేలలున్నాయి. మెరక మీద ఎర్రటి లాటరైట్, మనం మొరం అంటాం. పల్లంలో, వాగుల పక్కన నల్లరేగడి. ఎర్రనేలలో అల్లం, ఆలుగడ్డ వేస్తాం. నల్లనేలలో శనగ, జొన్న వేస్తాం. రైతుకు ఈ తేడా చెప్పనక్కర్లేదు, ప్లాటు కొనేవాళ్లకే చెప్పాలి. పక్కనే ఉన్న బీదర్ కోట చూడండి. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానులు ఆ కోట కందకాన్ని లాటరైట్ రాతిలోనే తొలిపించారు. గట్టి మొరం తగిలిన చోట మన రెండంతస్తుల ఇంటికి బెంగ లేదు.

నల్లరేగడి సంగతి వేరు. వానాకాలంలో నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. ఎండాకాలంలో కుంచించుకుపోయి, చెయ్యి పట్టేంత నెర్రెలు బారుతుంది. పునాది పైపైన ఉంటే ఇల్లు ఏటా కొంచెం లేస్తుంది, కొంచెం దిగుతుంది. ఆ కదలిక నాలుగు మూలలా ఒక్కలా ఉండదు కాబట్టి గోడల్లో మెట్లు మెట్లుగా వాలు పగుళ్లు పడతాయి.

మన దగ్గరే ఒక ఇల్లు చూశాను. ముందు గదులు గట్టి మొరం మీద ఉన్నాయి, వెనక వంటగది పూడ్చిన పాత బావి మీద ఉంది. పక్కింటివాళ్లు ఐదడుగులు తవ్వారని వీళ్లూ అంతటా ఐదడుగులే తవ్వారు. రెండో వానాకాలానికి వంటగది గోడ హాలు గోడను విడిచిపెట్టింది. ఆ చేను ఒకప్పుడు దున్నిన రైతును ఒక్క మాట అడిగి ఉంటే బావి సంగతి తెలిసేది.

అందుకే ప్లాన్ గీయించకముందే ప్లాటులో రెండు మూడు చోట్ల గుంతలు తీయించండి. ఎక్కడ మట్టి మారుతుందో ఇంజినీరుకు చూపించండి. నల్లమట్టి లోతు తక్కువైతే దాన్ని దాటి గట్టి నేల దాకా పోవాలి. లోతు చాలా ఉంటే అడుగున గంటలా వెడల్పయ్యే పైల్స్ వేసే పద్ధతి ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన దేశపు నల్లనేలల కోసమే దాన్ని అభివృద్ధి చేసింది. ఇంకొక మాట. తవ్విన నల్లమట్టినే మళ్లీ గదుల కింద నింపడం చాలా సైట్లలో చూస్తాం. అది ఊరికే వచ్చిన మట్టి కాదు, తరవాత ఫ్లోరింగును పైకి తన్నే మట్టి. మొరం తెప్పించి, అరడుగు చొప్పున పొరలుగా పరిచి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టించండి. ఇల్లు అయ్యాక వాన నీళ్లు గోడ మొదట్లో ఇంకకుండా చుట్టూ వాలుగా గచ్చు చేయించండి.

రెండోది ముగ్గు. ముగ్గు పోసిన రోజు ముహూర్తం చూసుకుంటాం, కొలతలు మాత్రం మేస్త్రీకి వదిలేస్తాం. మన లెక్కల సారు పైథాగరస్ సిద్ధాంతం చెప్పినప్పుడు ఇది ఎందుకు పనికొస్తుందని అడిగినవాళ్లం మనమే. మేస్త్రీ ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు కొలిచి, అడ్డంగా 5 వచ్చిందా అని దారం పట్టి చూస్తాడు. అదే పైథాగరస్. మీరు ఇంటి రెండు కర్ణాలు కొలవండి. అవి సమానంగా లేకపోతే మూలలు తప్పినట్టే. ఆ తప్పు టైల్స్ పరిచే రోజు బయటపడుతుంది, అప్పటికి దిద్దడానికి ఏమీ మిగలదు.

హద్దులు కూడా ఆ రోజే చూడాలి. 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చినప్పుడు 75 గజాల లోపు చిన్న ఇళ్లకు రిజిస్ట్రేషన్ చాలన్నారు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి అన్నారు. ఆఫీసు చుట్టూ తిరగడం తగ్గింది, మంచిదే. కానీ స్వీయ ధ్రువీకరణ అంటే నేను వదలాల్సినంత స్థలం వదులుతున్నానని మీరే సంతకం పెట్టినట్టు. బాధ్యత ఆఫీసు నుంచి మీ మీదికి వచ్చింది. బేస్‌మెంట్ ఎత్తు పెట్టేటప్పుడు ఇవాళ్టి రోడ్డును మాత్రమే చూడకండి. రోడ్డు వేసిన ప్రతిసారీ పెరుగుతుంది, మీ గడప పెరగదు.

మూడోది సామాను. రాడ్ల బరువు చూడటానికి ఒక చిన్న లెక్క ఉంది. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం రాడ్డు 12 మీటర్ల పొడవుంటే సుమారు 10.66 కిలోలు తూగాలి. బాగా తగ్గిందంటే అడగండి. ఇసుకను గాజు సీసాలో సగం పోసి, కొంచెం ఉప్పు కలిపిన నీళ్లు పోసి గిలకొట్టి, మూడు గంటలు కదపకుండా పెట్టండి. పైన పేరుకున్న ఒండ్రు పొర ఇసుకలో 8 శాతం దాటితే ఆ లారీ వద్దనండి. తడి ఇసుక పొడి ఇసుక కంటే పావు వంతు దాకా ఉబ్బి కనిపిస్తుందని గుర్తుంచుకోండి. రోబో సాండ్ కొంటే కాంక్రీటుకు వేరే, ప్లాస్టరుకు వేరే. క్రషర్ దుమ్ము రెండింటికీ పనికిరాదు.

నాలుగోది స్లాబు. దీన్ని జాగ్రత్తగా వినమని వేడుకుంటున్నాను. ఇందులో డబ్బే కాదు, ప్రాణాలు కూడా ఉన్నాయి.

చెయ్యి ముందుకు చాచి నీళ్ల బకెట్ పట్టుకోండి. లాగుడు భుజం పైభాగంలో తెలుస్తుంది. బాల్కనీ, సజ్జ కూడా చాచిన చెయ్యి లాంటివే. అందుకే వాటిలో అసలు ఇనుము పైభాగంలో ఉండాలి. డ్రాయింగులో అలాగే ఉంటుంది, రాడ్ బెండర్ కట్టేటప్పుడూ అలాగే కడతాడు. కాంక్రీటు పోసే రోజు పదిమంది తట్టలతో ఆ రాడ్ల మీదే నడుస్తారు. సాయంత్రానికి పై ఇనుము కిందికి దిగిపోతుంది. పైన కాంక్రీటు నున్నగా ఉంటుంది, ఎవరికీ తెలియదు. సెంట్రింగ్ తీసిన రోజో, తరవాత పదిమంది బాల్కనీలో నిలబడిన రోజో తెలుస్తుంది. దీనికి మందు చాలా చవక. పై రాడ్ల కింద ఇనుప కుర్చీలు పెట్టించండి. నడవడానికి పలకలు వేయించండి. అడుగు రాడ్ల కింద కవర్ బ్లాకులు పెట్టించండి. స్లాబుకు 20 మిల్లీమీటర్లు, పిల్లర్లకు 40, పునాదికి 50. రాయి ముక్కలు, ఇటుక పెళ్లలు కవర్ బ్లాకులు కావు. పిల్లర్ రింగుల కొక్కేలు లోపలికి 135 డిగ్రీలు వంగాయో లేదో చూడండి.

నీళ్ల సంగతి. మాలు జారుగా ఉంటే కూలీకి సుఖం, ఇంటికి నష్టం. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 నుంచి 27 లీటర్లు చాలు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గాలి. పైపుతో నీళ్లు పట్టనీయకుండా కొలత బకెట్ పెట్టించండి, వైబ్రేటర్ తప్పకుండా పెట్టించండి. కరెంటు పైపులన్నీ స్లాబులో ఒకే చోట గుంపుగా పోనీయకండి. ప్లంబర్ బీముకు, పిల్లరుకు ఉలి పెడితే ఆపండి.

సెంట్రింగ్ అద్దె రోజు లెక్కన పడుతుందని తొందరపడతారు. ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింద ఆధారాలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీములకు 6 మీటర్ల దాకా 14 రోజులు, పైన 21 రోజులు.

ఐదోది క్యూరింగ్. సిమెంటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. సిమెంటు గట్టిపడేది నీళ్లు తాగి. మన ఎండలో కాంక్రీటుకు కనీసం 10 రోజులు నీళ్లు అందాలి. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికేది బూడిద కలిపిన పీపీసీ సిమెంటు కాబట్టి 14 రోజులు మేలు. స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలపండి, పిల్లర్లకు గోనెసంచులు చుట్టి తడపండి. వేసవిలో బోర్లు ఎండితే ట్యాంకర్ డబ్బును కూడా సిమెంటు ఖర్చులోనే లెక్కవేసుకోండి.

మన వయసువాళ్లకు 1993 సెప్టెంబరు 30 గుర్తుండే ఉంటుంది. సరిహద్దు అవతల లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో తెల్లవారకముందే భూమి కంపించింది. దాదాపు పదివేల మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది మట్టితో పేర్చిన బరువైన రాతి గోడల కింద, నిద్రలోనే పోయారు. గోడలు బలహీనంగా ఉండటం ఒక్కటే కాదు, నాలుగు గోడలను కలిపి పట్టి ఉంచే కట్టు లేదు. ఈ రోజు మనం ప్లింత్ బీము, లింటెల్ బీము ఇంటి చుట్టూ తెగకుండా పోనివ్వాలనేది అందుకే. "కిటికీల మీద చాలు సార్, మిగతాది ఎందుకు ఖర్చు" అని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి.

ఆరోది బాత్రూం, పైపులు. టైల్స్ వేయకముందు వాటర్‌ప్రూఫింగ్ చేసిన అడుగులో రెండు రోజులు నీళ్లు నిలిపి, కింద గది సీలింగు చూడండి. ప్లాస్టరు చేయకముందు పైపుల్లో ఒత్తిడి పెట్టి చూడండి. ప్రతి గోడకూ టేపు పెట్టి ఫొటో తీసుకోండి. పదేళ్ల తరవాత మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటో విలువ తెలుస్తుంది.

ఇక మనుషులు. గుత్తేదారుతో మాట కాగితం మీద ఉండాలి. అడుగుకు ఇంత అంటే అందులో ఏముంది, ఏం లేదు రాసుకోవాలి. డబ్బు పని దశను బట్టి ఇవ్వాలి, పండగను బట్టి కాదు. పాత బస్తీల్లో కరెంటు తీగలు డాబా పక్కనుంచే పోతాయి. పొడవాటి రాడ్డు పైకి ఎత్తేటప్పుడు తీగకు తగిలితే పట్టుకున్నవాడు మిగలడు. రాడ్లు ఎక్కించే ముందే లైన్‌మన్‌ను పిలిచి సరఫరా ఆపించండి. ఒడిశా నుంచో, బీహార్ నుంచో బతకడానికి వచ్చిన పిల్లవాడు మీ ఇంటి కోసం ప్రాణం పోగొట్టుకోకూడదు. ఇల్లు కట్టించేవాడికి ఇది మొదటి బాధ్యత.

మేస్త్రీలను తప్పుపట్టడానికి ఇదంతా చెప్పలేదు. మంచి మేస్త్రీ తన పని చూసేవాళ్లుంటే సంతోషిస్తాడు. మన సార్లు కాపీలు దిద్దేటప్పుడు ప్రతి పేజీ తిప్పేవారు, మనం కూడా ప్రతి పేజీ శ్రద్ధగా రాసేవాళ్లం. సైటులో ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ రోజు ఏం పోశారు, ఎన్ని బస్తాలు పట్టాయి, ఎవరు చూశారు అన్నీ రాయండి.

చివరగా ఒక విన్నపం. మన పూర్వ విద్యార్థుల్లో సివిల్ ఇంజినీర్లు ఇంకా ఉన్నారు. ఇల్లు కట్టుకునే మన బడివాళ్లు, ముఖ్యంగా మన గురువులు, రెండు రోజులు మమ్మల్ని పిలవండి. పునాది తవ్వి కాంక్రీటు వేయకముందు ఒక రోజు, స్లాబు ఇనుము కట్టి కాంక్రీటు పోయకముందు ఒక రోజు. ఫీజు వద్దు, చాయ్ చాలు. నా వంతుకు నేను సిద్ధం. మిగతా ఇంజినీరు మిత్రులు ఈ సభ అయ్యాక తమ పేర్లు కార్యదర్శి దగ్గర రాయించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.