అచ్చుకూటములో కార్మికుని ఆరోగ్యము

(రజతోత్సవ సభలో జరిగిన ఉపన్యాసపు పాఠము)



గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదనగా, దాని బీరువాలలోని ప్రతి పుటను ఎవరో ఒక కార్మికుడు కూర్చి అచ్చొత్తినాడని అర్థము. పుస్తకము చదువువారు గ్రంథకర్తను తలచుకొందురు. అచ్చు వేసినవానిని తలచుకొనువారు అరుదు. ఆ పనిలో అతనికి కలుగు హాని యేమి, దానిని ఆపుటకు ఏర్పడిన కట్టుబాట్లేమి అను విషయము పాఠకులును తెలిసికొనదగినది.

పూర్వము అచ్చు అక్షరములను సీసము, అంటిమొని, తగరము కలిసిన లోహముతో పోసెడివారు. అందులో అధికభాగము సీసమే. కంపోజిటరు దినమంతయు కేసు ముందు నిలిచి ఆ అక్షరములను వ్రేళ్లతో ఏరి కూర్చెడివాడు. సీసపు ధూళి వ్రేళ్లకంటి, అన్నముతో కలిసి కడుపులోనికి పోవును. అది కొంచెము కొంచెముగా చేరి కడుపునొప్పి, రక్తహీనత, నరముల బలహీనత కలిగించును. ముదిరినచో చేయి మణికట్టు వద్ద వ్రేలాడిపోవును.

అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్వయముగా ముద్రాపకుడు. 1731లో ఫిలడెల్ఫియాలో చందాదారుల గ్రంథాలయమును స్థాపించినవాడు. 1724లో లండనులో కంపోజిటరుగా ఉన్నప్పుడు, చలికాలమున చేతులకు వెచ్చగా ఉండునని అతడు అక్షరముల కేసును నిప్పుకడ కాచెడివాడు. వృద్ధుడైన పనివాడొకడు అది చూచి, అట్లు చేసినచో చేతులు పడిపోవుననియు, తోడివారిద్దరికి ఇంచుమించు అదే గతి పట్టినదనియు హెచ్చరించెను. అక్షరములు పోయు వ్యాపారి యొకడు, చేతులు కడుగక అన్నము తినుటయే రోగమునకు మూలమని చెప్పెను. 1786లో ఫ్రాంక్లిన్ ఈ సంగతి మిత్రునికి వ్రాయుచు, ఉపయోగకరమైన సత్యము తెలిసియు ఎంతకాలము ఆచరణకు రాక నిలిచిపోవునో గదా అని విచారపడెను.

భారతదేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము అక్షరముల కూర్పును, ముద్రణను, బైండింగును తన పరిధిలోనికి తెచ్చెను. యంత్రపు చక్రములకు అడ్డు కట్టవలెననియు, గాలి వెలుతురు ఉండవలెననియు, చేతులు కడుగుకొను వసతి కల్పింపవలెననియు, సీసపు విషరోగమును అధికారులకు తెలుపవలెననియు విధించెను. అయితే విద్యుత్తుతో నడుచు చోట సైతము పదిమంది పనివారుండిన గాని అది సాధారణముగా వర్తింపలేదు. 2025 నవంబరు 21 నుండి దాని స్థానమున 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి అమలులోనికి వచ్చినది. ఇదియు సాధారణముగా పదిమందియో అంతకు మించియో పనిచేయు సంస్థలకే. నలుగురైదుగురితో నడుచు చిన్న అచ్చుకూటమునకు యజమాని మనస్సాక్షియే చట్టము.

సీసపు అక్షరములు పోయి ఆఫ్‌సెట్ యంత్రములు వచ్చినంత మాత్రమున అపాయము తొలగలేదు. జపానులోని ఒసాకా నగరమున ఒక ముద్రణశాలలో పనిచేసిన పదిమందికి పైగా కార్మికులకు పిత్తనాళపు క్యాన్సరు సోకినట్లు 2012లో బయటపడెను. గాలి సరిగా మారని గదిలో, సిరా తుడుచుటకు వాడిన డైక్లోరోప్రొపేను అను ద్రావకపు ఆవిరిని వారు ఏండ్ల తరబడి పీల్చినారు. ఆ కాలమున అక్కడ దానిపై ప్రత్యేకమైన కట్టడి లేదు. అది విధింపబడినది 2013లో. అప్పటికే కొందరు మరణించిరి. రోగము ముందు, చట్టము వెనుక!

హాని అచ్చుకూటపు గడప దాటి కూడ పోవును. మిగిలిన సిరాను, ద్రావకమును కాలువలో పారబోసినచో ఊరి నీరు చెడును. వాటిని మూత గల డబ్బాలలో వేరుగా ఉంచి, అనుమతి గలవారికి అప్పగింపవలెను.

ఇందు పెక్కు జాగ్రత్తలు చౌకయైనవే: కిటికీలు తెరచుట, ద్రావకపు డబ్బాకు మూత పెట్టుట, దానిని ముట్టునప్పుడు చేతులకు తొడుగులు వేసికొనుట, పనిచేయు చోట భుజింపకుండుట, సబ్బు నీరు అందుబాటులో నుంచుట. కరపత్రములో, రసీదు పుస్తకములో అచ్చు వేయించు సంఘములవారు ధరతోపాటు ఈ సంగతులను కూడ విచారింపవచ్చును.

లండనులో ఒక వృద్ధుని మాట ఒక యువకుని చేతులను కాపాడినది. తెలిసిన సత్యమును అవసరమున్నవాని చెంతకు చేర్చుటయే గ్రంథాలయము పని. పుస్తకము చేసిన చేతులకు ఆ మేలు మొదట అందవలెను.