శబ్దసంపద

శబ్దసంపద యనగానే కఠినసమాసములను కంఠస్థము చేయుట యని పలువురు తలతురు. ఒక వస్తువునకు ఇరువది పేళ్లు తెలియుట యొక సంపద. ఇరువది వస్తువులకు వేరువేరు పేళ్లు తెలియుట మరియొక సంపద. మొదటిది గ్రంథములలో దొరకును. రెండవది జనుల నోట దొరకును. రెండును గలవాడే భాషయందు భాగ్యవంతుడు.

బాల్యమున నేను గురువుగారి యెదుట అమరకోశమును వల్లించితిని. ప్రథమకాండము చివర వారివర్గము వచ్చును. సలిలము, జలము, తోయము, ఉదకము—నీటికి ఎన్ని పేళ్లో! తరువాత కావ్యములు చదువునపుడు ఒక్కొక్క శబ్దము పాత చెలికానివలె ఎదురువచ్చి పలుకరించెను. ఆ యానందము అనుభవించినవారికే తెలియును.

అయినను నీటిని గూర్చి నేర్వవలసినదంతయు అమరకోశములో లేదు. ఉద్యోగరీత్యా మానుకోట ప్రాంతమున నున్నపుడు, చెరువునీరు పారించు వృద్ధ నీరటి యొకడు నాకు రెండవ గురువాయెను. నీటిని నిలుపునది కట్ట. పొలమునకు విడుచునది తూము. నిండి మిగిలిన నీరు దూకునది మత్తడి. నీరు తగ్గినపుడు బయటపడు నేల శికము. చెరువు క్రింద సాగగు భూమి ఆయకట్టు. మత్తడినే కొన్ని తావుల అలుగనియు, కలుజనియు నందురు. ఈ మాటలు తెలియువరకు నాకు చెరువన్న నీరు మాత్రమే. తెలిసిన పిమ్మట అది యొక గ్రామపు బ్రదుకుగా కనబడెను.

మనది చెరువుల సీమ. మానుకోట వైపున బయ్యారము చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించెను. భూపాలపల్లి వైపున ఘనపురములో గణపసముద్రము నేటికిని గలదు. జనగామ వైపున పాలకుర్తి, బమ్మెర గలవు. పాలకురికి సోమనాథుడు జానుతెనుగును మెచ్చి ద్విపదలో బసవపురాణము రచించెను. పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములు, వెన్నెలపదములు మొదలగు జనుల పాటల పేళ్లను కూర్చి మనకు దక్కించెను. బమ్మెర పోతన్నగారు తెలుగు కోరువారిని, సంస్కృతము కోరువారిని గూడ మెప్పించిరి. నేను చెప్పిన రెండు సంపదలును ఈ గడ్డపై నిట్లు కలిసినవి.

కాని పని పోయినచో పనిముట్టు పోవును. పనిముట్టుతో మాట పోవును. మోట పోయినది. దాని తొండము, మోకు ఎట్టివో నేటి బాలు రెరుగరు. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము వెలువడి కావ్యశబ్దములకు నిధియాయెను. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము, వ్యవసాయపు మాటలతో మొదటి సంపుటముగా వెలువడెను. ఈ పని కొందరు పండితులతో ముగియునది కాదు.

కావున ఒక చిన్న పుస్తకము కుట్టుకొనుడు. దినమున కొక మాట వ్రాయుడు; ఎవరు, ఏ యూర, ఏ వస్తువును చూపుచు పలికిరో దాని ప్రక్కన వ్రాయుడు. పెంబర్తి యిత్తడిపనివాని నడుగుడు. భూపాలపల్లి బొగ్గుగని కార్మికు నడుగుడు. ఇంటిలో అవ్వ నడుగుడు. పిమ్మట నిఘంటువుతో పోల్చి చూడుడు. సమయము వచ్చినపుడు ఆ మాటను వాడుడు. వాడని మాట పాతరలో మరచిన ధాన్యమువలె పాడగును.

అయితే తెలిసినది కదా యని ప్రతిచోట దొర్లింపరాదు. చెరువు చాలినచోట కాసారమనుట పాండిత్యము కాదు. మత్తడి యనవలసినచోట మాట తోచక చేయి చూపుట పేదరికము. పెద్దల నోటనున్న మాటలు వారితో వెడలకమునుపే అడిగి పుచ్చుకొందము. ఇచ్చుటచే తరుగని ధనమిది; అడిగినచో లేదనువారు లేరు.