ఫుట్‌బాలు ఆట – యువజన నాయకత్వము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభయందు విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వేతనములను గూర్చియు పెద్దలు పలువురు ప్రసంగించిరి. అట్టి సభలో బంతియాటను గూర్చి మాటాడ నేను నిలుచుట కొందరికి వింతగా తోచవచ్చును. "చదువు మాని ఆటలేమిరా?" అను మాట మన యిండ్లలో వినబడని దినము లేదు. నేనును నా కుమారునితో అనేక పర్యాయములు అట్లే అంటిని. నా అభిప్రాయము ఎట్లు మారినదో మనవి చేసికొందును.

మూడేండ్ల క్రిందట మా గ్రామమున మన సంఘము పేర ఒక ఫుట్‌బాలు జట్టును ఏర్పరచితిమి. బంతులు, బూట్లు, చొక్కాలు కొంటిమి. కెప్టెనుగా అందరికంటె హెచ్చు చందా నిచ్చిన వారి అబ్బాయిని పెద్దలమే నిర్ణయించితిమి. ఇతర కులముల బాలురను చేర్చుకొనలేదు. రెండు నెలలు గడచునప్పటికి ఆటకు పదునొకండుగురు దొరకరైరి. జట్టు చెదరిపోయినది. బాలురకు పట్టుదల లేదని నిందించితిమి. దోషము మాదే యని తరువాత తెలిసినది.

ఆ తెలివి నాకు ఒక దూరదేశపు వృత్తాంతమువలన కలిగినది. ఆఫ్రికా ఖండమున కెన్యా దేశపు రాజధాని నైరోబీ. ఆ నగరమున మథారే అను పేదవాడ కలదు. రేకుల గుడిసెలు, ఇరుకు సందులు, మురుగు కాలువలు, చెత్తకుప్పలు. అచటి పిల్లలు పాత సంచులను ఉండగా చుట్టి, దారముతో బిగించి, దానినే బంతిగా ఆడుకొనుచుండిరి. 1987 వ సంవత్సరమున బాబ్ మన్రో అను కెనడా దేశీయుని ప్రోత్సాహమున అచట యువజన క్రీడాసంఘ మొకటి వెలసినది.

ఆ సంఘపు నియమము వినదగినది. పోటీలలో ఒక ఆట గెలిచిన జట్టునకు మూడు పాయింట్లు. పారలు, గంపలు పట్టి తమ వాడలోని మురుగును, చెత్తను ఎత్తివేసి వచ్చిన జట్టునకు ఆరు పాయింట్లు. గెలుపుకంటె సేవకు రెండింతల విలువ! ఎంత చక్కగా ఆడినను, వీధి ఊడ్వని జట్టు వెనుకబడవలసినదే. ఈ ఒక్క నియమముచేత ఆటయు ఊరిపనియు ఒకటైనవి.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. అచట పోటీలను నడపువారు, శిక్షణ నిచ్చువారు, రెఫరీలు, తగవులు తీర్చువారు చాలవరకు ఆ వాడ యువకులే. తమ ప్రతినిధులను తామే ఎన్నుకొందురు. సేవ చేసిన యువకునకు లభించు పారితోషికము అతని చేతికి గాక, చదువు నిమిత్తము పాఠశాలకే చెల్లింపబడును. 1992 నుండి బాలికలును ఆడసాగిరి. 1994 లో ఆ సంఘమునుండి మథారే యునైటెడ్ అను జట్టు పుట్టి, 2008 లో కెన్యా దేశపు ప్రథమశ్రేణి పోటీలలో విజేత అయ్యెను.

మన దేశమున ఇట్టి శక్తి లేదనుకొనవలదు. హైదరాబాదు నగరమున సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిపంతులుగా జీవితము నారంభించినవారే. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచినది. ఆయన శిక్షణలో భారతజట్టు 1951 లోను, 1962 లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములను, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును పొందెను. వాటములేని కాలితోనే ఆడవలెనని నియమించి ఆయన పోటీలు నడపెడివారు. బలహీనమైన దానిని విడిచిపెట్టక, దానికే పని కల్పించి బలపరచుట ఆ గురువు పద్ధతి. 1963 లో ఆయన కాలధర్మము నొందిరి. ఆసియా క్రీడలలో ఈ ఆటకు ఆ స్వర్ణము మనకు మరల రాలేదు. కారణము లనేకములు. అయినను, మహాపురుషు డొకడు లేనంతమాత్రమున పని నిలిచిపోకుండవలెనన్నచో, అతడుండగనే బాధ్యత పదిమందికి పంచబడవలెనని నాకు తోచుచున్నది.

నాయకత్వము ఉపన్యాసములవలన అలవడదు. ఇది చెప్పుచు నేనును ఉపన్యసించుచున్నాను, క్షమింపుడు. ఓడినవానిని ఓదార్చుట, అలిగినవానిని పిలుచుకొని వచ్చుట, తనకంటె మేలైన ఆటగానికి చోటు విడుచుట, చందా పైసలకు లెక్క చెప్పుట – ఇవి మైదానమున పదునారేండ్ల బాలుడు నేర్చుకొనగలడు. కాని ఆ పని వాని చేతిలో పెట్టవలెను గదా! మన సంఘమున కార్యదర్శి మొదలు కోశాధికారి వరకు ఏబదియేండ్లు దాటనివారు ఎందరున్నారో తామే చూచుకొందురుగాక.

కావున నా విన్నపములు నాలుగు. సంఘనిధినుండి ఒక మైదానమునకు స్థలము కొనవలెను. దాని నిర్వహణ ఇరువదియేండ్ల లోపువారు ఎన్నుకొనిన సమితికి వదలి, ఏటికొకసారి లెక్కలు తనిఖీ చేయుటతో పెద్దలు తృప్తి చెందవలెను. చెరువుగట్టు బాగుచేయుట, వీధులు శుభ్రపరచుట, చిన్నపిల్లలకు పాఠము చెప్పుట – వీనికి ఆటలోని గెలుపుకంటె హెచ్చు పాయింట్లు ఉండవలెను. ఆ మైదానము బాలబాలికలకు, అన్ని కులముల వారికిని తెరచియుండవలెను.

కడపటి దానికి కొందరు సమ్మతింపరని నే నెరుగుదును. మన సొమ్ముతో పరుల పిల్లలు ఆడుటయా యందురు. అయ్యలారా! మన పిల్లలు రేపు బ్రతుకవలసినది ఊరిలోగాని, సంఘ కార్యాలయములో కాదు. పక్కవీధి బాలునకు బంతి నందింప నేర్చినవాడే రేపు ఊరి కష్టమున పదిమందిని కూడగట్టగలడు. మా జట్టు చెదరినది ఆ పదునొకండవవానికి తలుపు మూసినందువలననే.

ఈ విన్నపములను తీర్మానరూపమున సభవారు చర్చించి, నేడే నిర్ణయింతురని ప్రార్థించుచున్నాను.