మళ్ళీ మొదటి పాఠం నుంచి



పట్టాలు అందుకుంటున్న మీరు ఒక విద్యలో నిష్ణాతులని ఈ రోజు విశ్వవిద్యాలయం ధ్రువీకరిస్తోంది. ఆ విద్య అక్కరకు రాని రోజు ఎదురైతే ఏం చేయాలో మురళీకాంత్ పేట్కర్ జీవితం చెబుతుంది.

మహారాష్ట్రలోని సాంగ్లీ ప్రాంతంలో పుట్టిన పేట్కర్ సైన్యంలోని సాంకేతిక విభాగమైన ఈఎంఈలో జవాను. సికింద్రాబాద్ ఈఎంఈలో బాక్సర్‌గా పేరు తెచ్చుకున్నారు. 1965 భారత్-పాక్ యుద్ధంలో తూటాలు తగిలాయి. ఒకటి వెన్నులోనే ఉండిపోయింది. నడుము కింది భాగం చచ్చుబడింది. బాక్సింగ్ అక్కడితో ముగిసింది.

చికిత్స కోసం నీళ్ళలోకి దిగిన మనిషి ఈతలో పోటీదారు అయ్యారు. టేబుల్ టెన్నిస్ సాధన చేసి 1968లో టెల్ అవీవ్ పారాలింపిక్స్‌లో ఆడారు. 1972లో పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 37.33 సెకన్లలో ఈది, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచారు. పారాలింపిక్స్‌లో భారత్‌కు అదే తొలి పతకం. అక్కడే జావెలిన్, వీల్‌ఛెయిర్‌పై అడ్డంకుల మధ్య సాగే స్లాలమ్ పోటీల్లోనూ దిగారు. ఒలింపిక్స్‌లో షూటర్ అభినవ్ బింద్రా మనకు తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చింది ఆ తర్వాత 36 ఏళ్ళకు.

పేట్కర్ పతకం కన్నా దానికి ముందు ఆయన చేసిన పనే నాకు గొప్పగా కనిపిస్తుంది. రింగ్‌లో పేరున్న ఆటగాడు మరో ఆటలో, ఆపై ఇంకో ఆటలో ఓనమాలు దిద్దడానికి సంకోచించలేదు.

అయితే ఆయన్ని అంత దూరం చేర్చింది పట్టుదల ఒక్కటే కాదు. క్రికెటర్ విజయ్ మర్చంట్ అండగా నిలిచారు. దేశం గుర్తింపు మాత్రం ఆలస్యంగా అందింది. పద్మశ్రీ వచ్చేసరికి 2018.

మీలో కొందరు భవనాలు కడతారు, కొందరు ఉద్యోగాలిస్తారు, కొందరు బడిలో పాఠాలు చెబుతారు. ర్యాంపు లేని గుమ్మం, వైకల్యం ఉందని తెలియగానే పక్కన పెట్టేసిన దరఖాస్తు, ఆటల పీరియడ్‌లో చెట్టుకింద కూర్చోబెట్టిన పిల్ల - ఇలాంటివి మీకు ఎదురవుతాయి. మీ చేతిలో ఉన్నంత మేర ఆ అన్యాయాన్ని సరిదిద్దండి. నేర్చిన విద్యకు కాలం చెల్లితే సిగ్గుపడకుండా మళ్ళీ మొదటి పాఠం చదవండి. ఆ పాఠం కోసం ఇంకొకరు వస్తే మీ పక్కన చోటివ్వండి.