శివారు ఊరు లాంగ్ బీచ్



నేను గోదావరి డెల్టాలో కాలువ శివారున పెరిగినవాణ్ణి. ఎగువన తూములు ఎత్తితే మా చేలకు ఎద్దడి. నీళ్లు రాని రోజుల్లో కూడా పై ఊళ్ల చెత్త మాత్రం మా దాకా వచ్చేది. అందుకే, తొలివాన వెలిసిన మర్నాడు కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ తీరాన నిలబడ్డప్పుడు నాకెవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది. ఇసుక నిండా సీసాలు, మూతలు, చిప్స్ సంచులు, ఫోమ్ కప్పుల ముక్కలు. అదీ శివారు ఊరే.

లాస్ ఏంజెలెస్ నది 51 మైళ్లు పారి అక్కడ సముద్రంలో కలుస్తుంది. 1938 వరదల తర్వాత, నీళ్లు ఊళ్లో నిలవకుండా ఆ నదికి చాలా మేర కాంక్రీటు పోశారు. నీళ్లతో పాటు చెత్తా పరుగెత్తుతోంది. అక్కడ ఇళ్ల మురుగు ఒక గొట్టంలో శుద్ధి కేంద్రానికి పోతుంది. వీధిలో పడ్డ వాననీరు వేరే గొట్టంలో, ఏ శుద్ధీ లేకుండా నదికి పోతుంది. వేసవంతా చినుకు పడటం అరుదు. నెలల తరబడి రోడ్డు వారన పేరుకున్నదంతా మొదటి వానకు ఒక్కసారిగా కదులుతుంది. సముద్రం కనుచూపుమేరలో లేని వీధిలో ఎవరో వదిలేసిన సీసా అలా తీరం చేరుతుంది. నది మొగలో తేలే అడ్డుకట్ట వేశారు. దాన్నీ దాటిపోయింది పసిఫిక్ పాలే. మహాసముద్రం నడుమ పోగైన ప్లాస్టిక్‌లో చేపల వలల వాటా పెద్దదే, కాదనను. కానీ ఈ తీరాన కాలికి తగిలేది వీధుల చెత్తే.

2001లో ప్రాంతీయ జల నియంత్రణ మండలి ఈ నదిలోకి వదలదగిన చెత్తకు పరిమితి పెట్టింది: సున్నా. ఎగువనున్న ఇరవైకి పైగా నగరాలు కోర్టుకెక్కాయి. ఖర్చు భరించలేమన్నాయి. చిన్న పురపాలికల ఖజానా సంగతి నాకు తెలుసు, వాళ్ల బాధ అబద్ధం కాదు. అయినా దిగువ వాడు రోజూ చెత్త ఎత్తిపోసే ఖర్చు ఆ లెక్కలో ఎక్కడా కనిపించలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కోర్టు తీర్పుతో నిబంధనను తిరిగి రాయాల్సి వచ్చింది గానీ సున్నా మాత్రం మారలేదు. వీధి తూములకు జాలీలు బిగించడం మొదలైంది. ఆకులు అడ్డం పడి వీధి మునగకూడదు, సిగరెట్ పీక దాటిపోకూడదు. అలాంటి జాలీ రూపొందించడం తేలిక పని కాదు. ఈ రోజు పట్టా అందుకున్న మీలో సివిల్ ఇంజనీరింగ్ చదివినవారికి ఆ కష్టం తెలుసు.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు మీ వీధి మలుపులో తూము దగ్గర కాసేపు ఆగండి. జాలీ ఉందో లేదో చూడండి. లేకపోతే నగర మండలి సమావేశానికి వెళ్లండి. అక్కడ మాట్లాడటానికి పౌరులకు రెండు మూడు నిమిషాలు ఇస్తారు.