పిక్క వాపు - స్కానింగు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం, డాక్టర్లం కాము. అయినా మా యింట్లో జరిగిన ఒక సంగతి మీకు చెప్పాలని నిలబడ్డాము.

మా చాచా కొబ్బరి వ్యాపారి. మోకాళ్ళ నొప్పి ఎప్పటినుంచో వున్నది. పోయిన యేడు దూరప్రయాణం చేసి వచ్చిన మర్నాడు ఎడమ పిక్క వాచి, వేడెక్కి, బిగుసుకుపోయింది. "కండరం పట్టేసింది, నూనె రాసి మర్దన చేస్తే పోతుంది" అన్నారు యింట్లో అందరూ. మేమూ అన్నాము. నూనె కాచారు కూడా. పక్కింటి నర్సమ్మ వచ్చి, "కాలు పిసక్కండి, ముందు స్కానింగు తీయించండి" అన్నది. చాచా నవ్వారు: "కాన్పుల స్కానింగు నాకెందుకమ్మా?"

చాలామందికి యిదే అపోహ. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు గర్భిణీలకు దీని వుపయోగం లోకానికి చూపించిన మాట నిజమే. కాని మోకాలి వెనుక నీటితిత్తి వాచిందా, పిక్క సిరలో రక్తం గడ్డకట్టిందా అని తేల్చడానికి 1972లోనే డాక్టర్లు దీన్ని వాడారు. మా చాచా సమస్యా అదే!

బావిలో కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది కదా, యిదీ అంతే. మన చెవి సెకనుకు 20 వేల కంపనాల దాకానే వింటుంది. కీళ్ళు చూసే యంత్రం సుమారు 70 లక్షల నుంచి కోటిన్నర కంపనాల శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగివచ్చిన దానితో బొమ్మ కడుతుంది. ఎక్స్‌రే కిరణాలు వుండవు.

అమలాపురంలో డాక్టరుగారు జెల్ రాసి, మోకాలి వెనుక చూశారు. తిత్తి లేదు. తర్వాత సిర మీద నొక్కారు. మంచి సిర నొక్కితే అణిగిపోతుంది. యిది అణగలేదు. లోపల గడ్డ వున్నది. మర్దన చేస్తే ఆ గడ్డ కదిలి వూపిరితిత్తులకు పోయే ప్రమాదం వున్నదని చెప్పినప్పుడు మా కాళ్ళు వణికాయి. మందులు మొదలుపెట్టారు. చాచా యివాళ ముందు వరసలోనే కూర్చున్నారు.

భుజం నొప్పికీ యిది పనికి వస్తుంది. కండను ఎముకకు కట్టే నరం తెరమీద మన కొబ్బరిపీచు తాడులాగా పోగులు పోగులుగా కనపడుతుంది. పోగులు తెగితే తెలుస్తుంది. చెయ్యి పైకెత్తమని, కదులుతుండగానే చూడవచ్చు. దింపు తీసేవారు, కుట్టుపనివారు, షుగరు వున్నవారు నెలల తరబడి వాతమని వూరుకోకూడదు.

అయితే దీనికీ హద్దు వున్నది. ఎముక లోపలికి యీ శబ్దం పోదు. విరుగుడికి ఎక్స్‌రే, మోకాలి లోతులోని నరాలకు ఎంఆర్ఐ కావాలి. చూసే చెయ్యి నేర్పుగలదై వుండాలి. ఏది అవసరమో డాక్టరే చెప్పాలి.

మేము కోరేది ఒక్కటే. ఒక కాలి పిక్క వున్నట్టుండి వాచిందా, నూనెగిన్నె పక్కన పెట్టండి, ఆ రోజే ఆసుపత్రికి పదండి. ఆయాసం గాని, ఛాతీనొప్పి గాని కూడా వస్తే ఒక్క నిమిషం ఆగవద్దు. మేము చెయ్యబోయిన పొరపాటు మరే యింట్లోనూ జరగకూడదు.

సెలవు. ఖుదా హాఫిజ్.