రింగులో అడుగుపెట్టే హక్కు: నిఖత్ జరీన్ పోరాటం

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సమావేశంలో బాక్సింగ్ గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. హింస వద్దని ఇన్నేళ్ళుగా చెబుతున్న మనం ఇప్పుడు గుద్దులాటను మెచ్చుకోవాలా అని ఒక మిత్రురాలు నన్ను అడిగింది కూడా. న్యాయమైన ప్రశ్నే. అయితే ఇంట్లో దెబ్బలు తినే స్త్రీకి నియమాలుండవు, మధ్యలో ఆపే రిఫరీ ఉండడు. రింగులో ఇద్దరిదీ ఒకే బరువు విభాగం, ఇద్దరికీ ఒకే నియమాలు, ఇద్దరూ ఇష్టపడే దిగుతారు. ఈ తేడాను మనసులో పెట్టుకుని నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ గురించి వినండి.

నిఖత్ 1996లో పుట్టింది. నలుగురు అక్కచెల్లెళ్ళలో మూడోది. మొదట పరుగు పందేల కోసం మైదానానికి వెళ్ళేది. అక్కడ ఒక్క బాక్సింగ్‌లోనే ఆడపిల్లలు కనిపించలేదు. ఎందుకని తండ్రి జమీల్ అహ్మద్‌ని అడిగితే, ఆడవాళ్ళకు అంత బలం ఉండదని జనం అనుకుంటారని ఆయన చెప్పాడు. ఆ మాటతోనే ఆమెకు పట్టుదల వచ్చింది. తోడు ఆడపిల్లలు లేక మగపిల్లలతోనే సాధన చేసింది. ముఖం కమిలి ఇంటికొచ్చిన రోజున తల్లి ఏడ్చింది. ఇలాగైతే పెళ్ళెలా అవుతుందని ఆమె బాధ. పేరొస్తే పెళ్ళికొడుకులే వరస కడతారని కూతురు సముదాయించిందట. పొట్టి నిక్కర్లు వేసుకుంటోందని చుట్టుపక్కలవాళ్ళు అన్న మాటలు సరేసరి. ఆ తల్లిని మనం తప్పుపట్టలేం. ముఖం మీద మచ్చ పడితే ఆడపిల్ల విలువ తగ్గుతుందని లెక్కగట్టే సమాజం ఇది. ఆమె భయం ఉత్తిది కాదు. తల్లిదండ్రులు ఆ భయంతోనే కూతురిని ముందుకు పంపారు. అది చిన్న విషయం కాదు.

2009లో నిఖత్ విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో చేరింది. రెండేళ్ళకే, 2011లో, టర్కీలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో స్వర్ణం గెలిచింది. 2017లో భుజం ఎముక తప్పి శస్త్రచికిత్స జరిగింది. పంచ్ విసరాల్సిన భుజానికే దెబ్బ తగిలినా కోలుకుని మళ్ళీ రింగులోకి వచ్చింది.

ఇక 2019 సంగతి చెప్పాలి. ఆ ఏడాది ప్రపంచ పోటీలకు 51 కిలోల విభాగంలో సెలక్షన్ పోటీ పెట్టకుండానే, పాత విజయాలను బట్టి మేరీ కోమ్‌ను ఎంపిక చేశారు. ఆమె అక్కడ కాంస్యం గెలిచాక, ఒలింపిక్ అర్హత పోటీలకు కూడా నేరుగా ఆమెనే పంపుతారన్న మాట వచ్చింది. అప్పుడు నిఖత్ క్రీడా మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. తనను పంపమని కోరలేదు, పోటీ పెట్టమంది. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీలో పోటీ పెట్టారు. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయింది.

పత్రికలు దీన్ని ఇద్దరు ఆడవాళ్ళ గొడవగా రాశాయి. ఎవరు ఎవరికి చెయ్యి కలపలేదన్నదే వార్త అయింది. అసలు కారణం వేరే ఉంది. మహిళల బాక్సింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2012లో. అప్పుడు మగవాళ్ళకు పది బరువు విభాగాలుంటే ఆడవాళ్ళకు మూడే. మేరీ కోమ్ ప్రపంచ టైటిల్ గెలిచిన 48 కిలోల విభాగం ఒలింపిక్స్‌లో లేదు. అందుకే ఆమె 51 కిలోలకు రావలసి వచ్చింది. అది నిఖత్ విభాగం. మణిపూర్ నుంచి ఎన్నో కష్టాలకోర్చి వచ్చిన మేరీ కోమ్ మనకు శత్రువు కాదు. తలుపు ఇరుకుగా పెట్టినవాళ్ళను వదిలేసి, ఆ తలుపు దగ్గర తోసుకుంటున్న ఇద్దరు స్త్రీలను చూసి నవ్వడం మనకు కొత్తేమీ కాదు. ఒకే ఒక్క మహిళా సీటు ఉన్న ప్రతిచోటా జరిగేది ఇదే.

ఓడిపోయింది కదా, ఆ లేఖతో ఏం సాధించిందని అడగవచ్చు. ఆమె అడిగింది పోటీ, అది దక్కింది. ఓటమికి ఆమె భయపడలేదు, తలుపు మూసేయడాన్ని ఒప్పుకోలేదు.

ఆమె ఆట తీరూ అలాంటిదే. ముందుకు దూసుకెళ్ళి కలియబడటం కంటే, దూరాన్ని తన అదుపులో ఉంచుకుంటుంది. వేగంగా అడుగు వేసి లోపలికి వెళ్ళి, సూటిగా కొట్టి, ఎదుటివాళ్ళు తేరుకునేలోగా పక్కకు తప్పుకుంటుంది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ ఫైనల్‌లో థాయ్‌లాండ్‌కు చెందిన జిత్పాంగ్ జుతామస్‌తో తలపడింది. మొదటి రౌండ్ నిఖత్‌దే. రెండోది 3-2తో చేజారింది. మూడో రౌండ్‌లో కంగారుపడకుండా మళ్ళీ దూరం సరిచూసుకుని ఆడింది. ఐదుగురు జడ్జీలూ ఆమెకే గెలుపునిచ్చారు. ఆ ఏడాదే కామన్‌వెల్త్ స్వర్ణం, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో రెండో ప్రపంచ టైటిల్ గెలిచింది.

2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళింది. రెండుసార్లు ప్రపంచ విజేత అయినా సీడింగ్ లేదు. రెండో పోటీలోనే చైనాకు చెందిన అగ్ర సీడ్ వూ యూ ఎదురై 0-5తో ఓడిపోయింది. ఆ విభాగంలో స్వర్ణం వూ యూకే వచ్చింది. నిఖత్ మళ్ళీ లేచింది. 2025 నవంబరులో ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో స్వర్ణం గెలిచింది.

పారిస్‌కల్లా ఆడవాళ్ళ విభాగాలు ఆరయ్యాయి, మగవాళ్ళవి ఏడు. మూడు ఆరు కావడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఎన్నో దేశాల క్రీడాకారిణులు అడగగా అడగగా వచ్చిన మార్పు ఇది.

చివరిగా ఒక మాట. మన సంఘాల్లో కూడా శిక్షణకు, సదస్సుకు ఎవరిని పంపాలన్న నిర్ణయం ఎలా జరుగుతోంది? నియమం కాగితం మీద ఉందా, లేక పేరున్నవాళ్ళకే మళ్ళీ మళ్ళీ వెళ్తోందా? కొత్తగా వచ్చిన అమ్మాయి 'నాకూ పోటీ పెట్టండి' అంటే పొగరనుకుంటున్నామా? అలాగే మీ మండలంలో ఆట మైదానానికి సాయంత్రం వెళ్ళి చూడండి. అక్కడ ఎంతమంది ఆడపిల్లలున్నారో లెక్కపెట్టండి. వచ్చే సమావేశానికి ఆ లెక్క పట్టుకురండి. అక్కడి నుంచే మాట్లాడుకుందాం.